రెండు వైపులా సరిపోయింది, అయినా జవాబు ఎందుకు తప్పు? అకౌంటింగ్ సమీకరణం గురించి కొంచెం వివరంగా

మీ ప్రశ్నలో నిజానికి మూడు సందేహాలున్నాయి. మొదటిది, 60,000 పెట్టి కొన్న సరుకును 78,000కి అరువు మీద అమ్మితే మీరు సరుకులో 78,000 తగ్గించి, రుణగ్రస్తుల్లో (అంటే వ్యాపారానికి బాకీ ఉన్నవాళ్ల లెక్కలో) 78,000 పెంచారు. రెండు వైపులా చక్కగా సరిపోయింది, కానీ సార్ తప్పు కొట్టేశారు. రెండోది, ఇంకా ఇవ్వని జీతాన్ని సమీకరణంలో ఎందుకు చూపించాలి, డబ్బే కదలలేదు కదా అన్నది. మూడోది, మూలధనం యజమాని సొంత సొమ్ము అయినప్పుడు దాన్ని తీసుకెళ్లి అప్పుల పక్కన ఎందుకు పెడతారు అని.

మూడోదానితో మొదలుపెడతాను. అది తేలిపోతే మిగతా రెండూ సగం తేలినట్టే.

అకౌంటింగ్‌లో మనం లెక్క రాసేది వ్యాపారం తరఫున, యజమాని తరఫున కాదు. యజమాని జేబులోంచి తీసి పెట్టిన డబ్బు కూడా వ్యాపారం వైపు నుంచి చూస్తే బయటి నుంచి వచ్చిన డబ్బే. బ్యాంకు అప్పిచ్చినా, సప్లయర్ సరుకు అరువిచ్చినా, యజమాని పెట్టుబడి పెట్టినా, ముగ్గురికీ వ్యాపారం లెక్క చెప్పాల్సిందే. తేడా ఒక్కటే. బ్యాంకుకీ సప్లయర్‌కీ ఎంత ఇవ్వాలో ముందే ఖాయమై ఉంటుంది. యజమానికి అలా ఏమీ ఉండదు. అందరి బాకీలూ తీర్చాక మిగిలినదంతా ఆయనది. ఎక్కువ మిగిలితే ఎక్కువ, తక్కువ మిగిలితే తక్కువ, ఏమీ మిగలకపోతే అదీ ఆయన ఖాతాలోనే. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల బోర్డు కూడా ఈక్విటీని, అంటే యజమానుల వాటాను, ఇలాగే నిర్వచిస్తుంది: అప్పులన్నీ మినహాయించాక ఆస్తుల్లో మిగిలే హక్కు.

కాబట్టి

ఆస్తులు = అప్పులు + మూలధనం

అన్న వాక్యాన్ని నేనైతే ఇలా చదువుతాను. ఎడమవైపు "వ్యాపారం దగ్గర ఉన్నది ఏ రూపంలో ఉంది?" అన్న ప్రశ్నకి జవాబు. కుడివైపు "అందులో ఎవరికి ఎంత చెందాలి?" అన్న ప్రశ్నకి జవాబు. ఉన్న సొత్తు ఒక్కటే, దాన్ని రెండు రకాలుగా లెక్కపెడుతున్నాం. అందుకే చాలామంది చెప్పే త్రాసు ఉదాహరణ నాకు పెద్దగా నచ్చదు. త్రాసులో రెండు పళ్లేల్లో రెండు వేర్వేరు వస్తువులు ఉంటాయి, ఎలాగోలా బరువు సమానం చేయాలి. ఆ ఉదాహరణ మనసులో పడ్డ విద్యార్థి "రెండు వైపులా సరిచేస్తే చాలు" అనుకుని లెక్క చేస్తాడు. మీ మొదటి సందేహం సరిగ్గా అక్కడి నుంచే పుట్టింది.

ఇప్పుడు ఒకే వ్యాపారాన్ని తీసుకుని వరసగా నడిపిద్దాం. మీ అమ్మకం లెక్క కూడా అందులోనే వస్తుంది.

యజమాని 5,00,000 నగదుతో వ్యాపారం పెట్టాడు. నగదు 5,00,000, మూలధనం 5,00,000. తర్వాత 80,000 పెట్టి నగదుకి ఫర్నిచర్ కొన్నాడు. ఇక్కడ కుడివైపు అసలు ముట్టుకోనక్కర్లేదు. నగదు రూపంలో ఉన్నది కొంత ఫర్నిచర్ రూపంలోకి మారింది, అంతే. నగదు 4,20,000, ఫర్నిచర్ 80,000. చాలామంది ఇక్కడ "కొన్నాం కాబట్టి ఖర్చు, మూలధనం తగ్గించాలి" అని పొరబడతారు. చేతిలోంచి డబ్బు పోయినంత మాత్రాన అది ఖర్చు కాదు. పోయిన డబ్బుకి బదులుగా ముందు ముందు ఉపయోగపడేది ఏదైనా చేతిలో మిగిలిందా అన్నది చూడాలి.

ఆపైన 1,50,000 సరుకు అరువు మీద వచ్చింది. సరుకు 1,50,000 పెరిగింది, రుణదాతలు (వ్యాపారం బాకీ పడ్డవాళ్లు) 1,50,000 పెరిగారు. మొత్తం ఆస్తులు 6,50,000 అయ్యాయి, కానీ యజమాని వాటా 5,00,000 దగ్గరే ఉంది. వ్యాపారం పెద్దదైంది, యజమాని మాత్రం పైసా ధనవంతుడు కాలేదు.

ఇక మీ అమ్మకం. నిదానంగా చూద్దాం, ఎందుకంటే మొత్తం సమీకరణంలో కీలకమైన లావాదేవీ ఇదే.

అమ్మినప్పుడు గోడౌన్ నుంచి బయటికి వెళ్లిన సరుకు విలువ ఎంత? పుస్తకాల్లో అది 60,000గా ఉంది, అంతే వెళ్లగలదు. బదులుగా వచ్చిందేమిటి? కొనుగోలుదారు దగ్గర నుంచి 78,000 వసూలు చేసుకునే హక్కు. 60,000 పోయింది, 78,000 వచ్చింది. ఆస్తులు నికరంగా 18,000 పెరిగాయి. ఈ 18,000 ఎవరిది? బ్యాంకుకి దీనిలో భాగం లేదు. సప్లయర్‌కి 1,50,000కి మించి ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. మిగిలింది యజమాని ఒక్కడే. కాబట్టి మూలధనం 18,000 పెరగాలి.

సరుకు 90,000, రుణగ్రస్తులు 78,000, నగదు 4,20,000, ఫర్నిచర్ 80,000, కలిపి 6,68,000. అవతల రుణదాతలు 1,50,000, మూలధనం 5,18,000, కలిపి 6,68,000.

మీరు చేసినట్టు సరుకులోంచి 78,000 తీసేస్తే ఏమవుతుంది? రెండు వైపులా 6,50,000 వస్తుంది. సమానమే. కానీ పుస్తకాల్లో సరుకు 72,000 అని ఉంటుంది, గోడౌన్‌కి వెళ్లి లెక్కపెడితే 90,000 సరుకు కనిపిస్తుంది. పైగా అమ్మకంలో లాభమే రానట్టు తేలుతుంది. తప్పు ఒక్క ఆస్తిలో ఆగలేదు, మూలధనంలోనూ అంతే మొత్తంలో దాక్కుంది. రెండు వైపులా ఒకే మొత్తంలో తప్పు జరిగితే సమీకరణం నోరు మెదపదు. సార్ తప్పు కొట్టింది అందుకే.

ఇక్కడ ఇంకో మాట. లాభం ఎప్పుడు పుట్టిందో చూశారా? అమ్మిన క్షణంలో. కొనుగోలుదారు ఇంకా డబ్బు ఇవ్వలేదు. తర్వాత ఆయన 50,000 కట్టినప్పుడు నగదు పెరుగుతుంది, రుణగ్రస్తులు తగ్గుతారు, మూలధనం కదలదు. వసూలైనప్పుడు మళ్లీ ఆదాయం రాసేవాళ్లను చూస్తుంటాను. ఒకే లాభాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది.

అద్దె 12,000 కట్టారు. నగదు తగ్గింది. బదులుగా ఏ ఆస్తీ రాలేదు, ఏ అప్పూ తీరలేదు. గడిచిపోయిన నెలకి ఇచ్చిన డబ్బు అది. ఆ భారం మోసేది మిగిలినదానికి హక్కుదారు అయిన యజమానే. మూలధనం 5,06,000. ఖర్చు మూలధనాన్ని ఎందుకు తగ్గిస్తుందని ఎవరైనా అడిగితే ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ఖర్చులకీ ఆదాయాలకీ సమీకరణంలో సొంత గది లేదు, అవి మూలధనం లోపలే ఉంటాయి. ఏడాది పొడవునా వాటిని విడిగా రాసుకోవడం మన సౌకర్యం కోసం, ఏ ఖర్చు ఎంతైందో తెలియడానికి. ఏడాది చివర లాభనష్టాల ఖాతా ద్వారా అవన్నీ మళ్లీ మూలధనంలోకే చేరతాయి.

సప్లయర్‌కి 52,000 బాకీ కింద 50,000 ఇస్తే చాలన్నాడు, 2,000 డిస్కౌంట్. రుణదాతలు 52,000 తగ్గారు, నగదు 50,000 తగ్గింది, మూలధనం 2,000 పెరిగింది. మూడు అంకెలు ఒకేసారి కదిలాయి. ప్రతి లావాదేవీకీ రెండు ప్రభావాలంటే కచ్చితంగా రెండే ఖాతాలు అని అర్థం కాదు. కనీసం రెండు, అంతే.

అప్పుడే మనం చెప్పుకున్న 50,000 వసూలు కూడా అయిందనుకోండి. ఈపాటికి నగదు 4,08,000, రుణగ్రస్తులు 28,000. యజమాని ఇంటి అవసరానికి 10,000 నగదు, 3,000 విలువైన సరుకు తీసుకెళ్లాడు. సొంతవాడకాలు. మూలధనం 13,000 తగ్గుతుంది. కానీ ఇది ఖర్చు కాదు, నష్టమూ కాదు. యజమాని తన వాటాలోంచి కొంత వెనక్కి తీసుకున్నాడు. సరుకును అమ్మకం ధరకి కాకుండా కొన్న ధరకే తీసేయాలి, యజమాని తనకి తానే లాభానికి అమ్ముకోలేడు కదా. ఇప్పుడు ఆస్తులు 5,93,000, రుణదాతలు 98,000, మూలధనం 4,95,000.

ఇప్పుడు మీ రెండో సందేహం, ఇవ్వని జీతం. నెలంతా పని చేసిన ఉద్యోగికి 9,000 రావాలి, ఇంకా ఇవ్వలేదు. డబ్బు కదలలేదు అన్నది నిజమే. కానీ డబ్బు కదిలితేనే లావాదేవీ అని ఏమీ లేదు. ఉద్యోగి పని చేసేశాడు, ఆ పని వ్యాపారం వాడేసుకుంది, ఇవ్వాల్సిన బాధ్యత వచ్చి కూర్చుంది. అంటే అప్పులు 9,000 పెరిగాయి. ఎడమవైపు అసలు కదలలేదు, కాబట్టి మూలధనం 9,000 తగ్గాలి. ఆస్తులు అవే 5,93,000. అందులో ఉద్యోగికి చెందాల్సింది 9,000, అంత మేరకు యజమాని వాటా చిక్కిపోయింది. కుడివైపులోనే ఒకరి వాటా ఇంకొకరికి మారింది.

వచ్చే నెల ఆ జీతం ఇచ్చినప్పుడు? నగదు 9,000 తగ్గుతుంది, అప్పు 9,000 తగ్గుతుంది. మూలధనం జోలికి వెళ్లకూడదు, ఆ దెబ్బ ఇప్పటికే తగిలింది. మీరు డబ్బు ఇచ్చిన రోజే రాస్తే ఈ నెల ఖర్చు వచ్చే నెల మీద పడి, రెండు నెలల లాభాలూ తప్పుతాయి.

దీనికి సరిగ్గా తిరగేసినది ముందుగా కట్టిన బీమా. 6,000 కట్టారు, అందులో 4,000 వచ్చే సంవత్సరానికి సంబంధించినది. నగదు 6,000 తగ్గింది, ముందుగా చెల్లించిన బీమా అనే ఆస్తి 4,000 వచ్చింది, మూలధనం 2,000 తగ్గింది. అక్కడ డబ్బు కదలకపోయినా ఖర్చు పుట్టింది, ఇక్కడ డబ్బు కదిలినా అంతా ఖర్చు కాలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మీ సందేహం మళ్లీ రాదు.

కస్టమర్ దగ్గర 5,000 అడ్వాన్స్ వచ్చింది, సరుకు ఇంకా ఇవ్వలేదు. నగదు పెరిగింది, అప్పు పెరిగింది. ఇది ఆదాయం కాదు. సరుకైనా ఇవ్వాలి, డబ్బైనా వెనక్కి ఇవ్వాలి. అమ్మకం మీద కస్టమర్ నుంచి వసూలు చేసే పన్నుకీ ఇదే సూత్రం. అది ప్రభుత్వానికి కట్టేదాకా మన చేతిలో ఉండే పరాయి సొమ్ము, ఆదాయంలో కలపకూడదు.

ఫర్నిచర్ మీద తరుగుదల 8,000. ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, బిల్లు లేదు, అయినా ఆస్తి 8,000 తగ్గింది, మూలధనం అంతే తగ్గింది. కొన్న రోజు ఖర్చు రాయలేదు కదా, ఆ ఖర్చునే ఇప్పుడు వాడుకున్న కొద్దీ ముక్కలుగా రాస్తున్నాం. రుణగ్రస్తుల్లో 4,000 ఇక రాదని తేలితే అదీ ఇదే తీరు: ఆస్తి తగ్గింది, యజమాని వాటా తగ్గింది.

చివరిగా బ్యాంకు దగ్గర 1,00,000 అప్పు తీసుకుని, ఒక వాయిదా 11,000 కట్టారు. అందులో 10,000 అసలు, 1,000 వడ్డీ. వాయిదా మొత్తాన్నీ అప్పులోంచి తీసేయడం, లేదా మొత్తాన్నీ ఖర్చు రాసేయడం, రెండూ రోజూ కనిపించే తప్పులే. అసలు కట్టినంత మేరకు అప్పు తగ్గుతుంది, వడ్డీ మేరకు మూలధనం తగ్గుతుంది.

లెక్క ఎక్కడికి వచ్చిందో చూద్దాం. నగదు 4,86,000, ఫర్నిచర్ 72,000, సరుకు 87,000, రుణగ్రస్తులు 24,000, ముందుగా కట్టిన బీమా 4,000. మొత్తం 6,73,000. ఇటు రుణదాతలు 98,000, జీతం బాకీ 9,000, కస్టమర్ అడ్వాన్స్ 5,000, బ్యాంకు అప్పు 90,000, మూలధనం 4,71,000. మొత్తం 6,73,000.

ఇక్కడ కాసేపు ఆగండి. ఐదు లక్షలతో మొదలైన వ్యాపారం చేతిలో ఇంకా 4,86,000 నగదు ఉంది. ఫర్నిచర్ ఉంది, సరుకు ఉంది, రావాల్సిన బాకీలున్నాయి. పైపైన చూసినవాడు వ్యాపారం బ్రహ్మాండంగా ఉందంటాడు. కానీ మూలధనం 5,00,000 నుంచి 4,71,000కి దిగింది. అందులో 13,000 యజమాని తీసుకెళ్లింది, మిగతా 16,000 నష్టం. కావాలంటే విడిగా కూడి చూడండి: లాభాలు 18,000, 2,000, ఖర్చులు 12,000, 9,000, 2,000, 8,000, 4,000, 1,000. ఆదాయం 20,000, ఖర్చు 36,000, తేడా 16,000. గల్లాపెట్టె నిండుగా ఉండటానికి కారణం బ్యాంకు అప్పు, కస్టమర్ అడ్వాన్స్, ఇంకా ఇవ్వని జీతం, సప్లయర్‌కి ఇంకా కట్టని బాకీ. నష్టంలో ఉన్న వ్యాపారానికి చాలాకాలం తెలియకపోవడం ఇలాగే జరుగుతుంది. కేవలం నగదు పుస్తకం చూసుకుని నడిపేవాళ్లకి ఈ 16,000 ఎక్కడా కనిపించదు.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఏడాది మొదట్లో మూలధనం, చివర్లో మూలధనం, సొంతవాడకాలు తెలిస్తే చాలు, ఒక్క బిల్లు చూడకుండానే లాభనష్టాలు తేలిపోయాయి. మధ్యలో యజమాని అదనంగా పెట్టుబడి పెట్టి ఉంటే దాన్ని తీసేయాలి. అసంపూర్ణ రికార్డుల పాఠంలో వచ్చే పద్ధతి ఇదే. ఆ పాఠాన్ని విడిగా బట్టీ పట్టాల్సిన పని లేదు.

పరీక్షల్లో అరుదుగా అడిగినా, కుడివైపులోనే జరిగే మార్పులు కొన్ని తెలిసి ఉండాలి. వ్యాపారానికి ఉన్న బాకీని యజమాని సొంత డబ్బుతో తీర్చేస్తే అప్పు తగ్గి మూలధనం పెరుగుతుంది, ఆస్తులు కదలవు. రుణదాతకి ఓవర్‌డ్రాఫ్ట్ నుంచి, అంటే బ్యాంకు ఖాతాలో ఉన్నదానికి మించి తీసి, చెల్లిస్తే ఒక అప్పు పోయి ఇంకో అప్పు వస్తుంది. కంపెనీ బోనస్ షేర్లు (ఉన్న వాటాదారులకే డబ్బు తీసుకోకుండా ఇచ్చే షేర్లు) ఇస్తే రిజర్వులు, అంటే కూడబెట్టిన నిధులు, తగ్గి షేర్ మూలధనం పెరుగుతుంది, ఈక్విటీ మొత్తంలో మార్పుండదు. బోనస్ షేర్లు రాగానే కంపెనీ విలువ పెరిగిందని సంబరపడేవాళ్లకి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు.

అలాగే ఏది లావాదేవీ కాదో కూడా. సరుకుకి ఆర్డర్ ఇవ్వడం, కొత్త ఉద్యోగిని నియమించుకోవడం, కొటేషన్ తెప్పించుకోవడం, ఇవేవీ సమీకరణాన్ని ముట్టుకోవు. నియామకపు ఉత్తరం ఇచ్చిన రోజున ఉద్యోగి ఇంకా ఏ పనీ చేయలేదు, వ్యాపారం ఏ బాకీ పడలేదు. ప్రశ్నపత్రంలో "నెలకి ఇంత జీతంతో మేనేజర్‌ని నియమించారు" అని ఒక వాక్యం మధ్యలో పడేస్తారు. అది మీరు జారిపడటానికే.

అద్దె ఒప్పందాల సంగతి మాత్రం కొంచెం వేరు. వాటికోసం IFRS 16 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం 2019 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం దీర్ఘకాలానికి అద్దెకి తీసుకున్న విమానాలు, షాపులు, భవనాలు వంటి వాటి వాడకపు హక్కును ఆస్తిగా, కట్టాల్సిన అద్దెల ప్రస్తుత విలువను (అవన్నీ ఈరోజు లెక్కకి ఎంతవుతాయో దాన్ని) అప్పుగా చూపించాలి. అంతకుముందు వాటిలో చాలావరకు నెలనెలా అద్దె ఖర్చుగా మాత్రమే కనిపించేవి. వ్యాపారంలో నిజంగా మారిందేమీ లేదు, అవే షాపులు, అవే అద్దెలు. అయినా ఒక్కసారిగా రెండు వైపులా అంకెలు పెరిగాయి. ఏది ఆస్తి, ఏది అప్పు అన్న నిర్వచనం మారితే సమీకరణంలో అంకెలు మారతాయి, సమానత్వం మాత్రం చెక్కుచెదరదు.

ఆ సమానత్వం అబద్ధానికీ అంతే నమ్మకంగా పనిచేస్తుంది. అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్ 2002 జూన్‌లో ఒప్పుకున్నది ఇదే. ఇతర కంపెనీల నెట్‌వర్కులు వాడుకున్నందుకు కట్టిన మొత్తాలను ఖర్చుగా రాయకుండా ఆస్తులుగా చూపించారు. మొదట బయటపెట్టిన మొత్తమే 3.8 బిలియన్ డాలర్లు, తవ్వేకొద్దీ అది ఇంకా పెరిగింది. మన అద్దె లావాదేవీలో 12,000 కట్టినప్పుడు మూలధనం తగ్గించకుండా "అద్దె ఆస్తి 12,000" అని రాస్తే ఎలా ఉంటుందో అలా. నగదు తగ్గింది, ఇంకో ఆస్తి పెరిగింది, రెండు వైపులా సమానం, లాభం పదిలం. వేలకోట్ల స్థాయిలో కూడా ఆ బ్యాలెన్స్ షీట్లు ప్రతిసారీ సరిపోయాయి. పట్టుకున్నది సమీకరణం కాదు, ఆ కంపెనీ లోపలి ఆడిటర్లు. "ఈ ఆస్తి ఏమిటి, ఎక్కడుంది, దీనికి ఆధారం ఏది?" అని అడిగారు కాబట్టి దొరికింది.

ఆ ప్రశ్నే మీకూ పనికొస్తుంది. ఒక లావాదేవీ రాశాక మొత్తాలు కూడి సరిపోయిందని సంతృప్తి పడకుండా, ఎడమవైపున్న ఒక్కో అంకెనీ చూపించి "దీన్ని నేను వెళ్లి లెక్కపెట్టగలనా? వసూలు చేసుకోగలనా? వాడుకోగలనా?" అని అడగండి. కుడివైపున ఒక్కో అప్పునీ "ఎవరికి ఇవ్వాలి?" అని అడగండి. మూలధనాన్ని చివర్లో తేల్చండి. నేను కొత్తవాళ్లకి చెప్పే పద్ధతి ఇదే: ముందు ఆస్తులు ఏమయ్యాయో చూడు, తర్వాత అప్పులు ఏమయ్యాయో చూడు, ఆ తేడా ఎంతో అంతే మూలధనం మీద పడుతుంది. మూలధనంతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువగా తడబడతారు. అయితే ఒక జాగ్రత్త. చివర్లో మూలధనం మీద పడిన తేడాకి ఒక పేరు పెట్టగలగాలి. అమ్మకంలో లాభమా, అద్దె ఖర్చా, సొంతవాడకమా, కొత్త పెట్టుబడా? ఏ పేరూ దొరకలేదంటే పైన ఎక్కడో ఆస్తినో అప్పునో తప్పు రాశారన్నమాట.

డెబిట్, క్రెడిట్ గురించి మీరు అడగలేదు కానీ, తర్వాతి పాఠం అదే కాబట్టి ఒక్క ముక్క. సమీకరణాన్ని కాస్త విప్పి, ఖర్చుల్నీ సొంతవాడకాల్నీ కుడివైపు నుంచి ఎడమవైపుకి మార్చండి:

ఆస్తులు + ఖర్చులు + సొంతవాడకాలు = అప్పులు + మూలధనం + ఆదాయాలు

ఎడమవైపు ఉన్నవి పెరిగితే డెబిట్, కుడివైపు ఉన్నవి పెరిగితే క్రెడిట్, తగ్గితే తారుమారు. వ్యక్తిగత ఖాతా, వాస్తవిక ఖాతా, నామమాత్రపు ఖాతా అని మూడు సూత్రాలు నేర్పుతారు. పరీక్షకి అవి రాయాల్సిందే, కానీ ఎందుకలా అన్నది ఈ ఒక్క వరసలోనే ఉంది. ప్రతి లావాదేవీనీ ఇలా డెబిట్, క్రెడిట్ రెండు వైపులా రాసే జంట పద్దు విధానాన్ని లూకా పాచియోలీ అనే ఇటలీ గణితజ్ఞుడు 1494లో వెనిస్‌లో అచ్చువేసి లోకానికి చెప్పాడు. ఆయన కనిపెట్టింది కాదు, ఇటలీ వర్తకులు అప్పటికే చాలాకాలంగా వాడుతున్నదే.

మీ లెక్కలో ఇంకొక్కటి చేసి చూడండి. అదే కొనుగోలుదారు 7,800కి కొన్న సరుకు బాగోలేదని వెనక్కి పంపాడు, మీరు మంచి స్థితిలోనే ఉందని తీసుకున్నారు. రుణగ్రస్తులు 7,800 తగ్గుతారు. సరుకు ఎంత పెరుగుతుంది? మీరు అమ్మినది 60,000 సరుకు 78,000కి, అంటే 7,800కి అమ్మిన సరుకు కొన్న ధర 6,000. గోడౌన్‌లోకి 6,000గానే తిరిగి రావాలి. మిగతా 1,800 అమ్మిన రోజున మూలధనంలో కలిపిన లాభంలో భాగం, ఇప్పుడు దాన్ని అక్కడి నుంచే తీసేయాలి.